సంతాప కూడికలో సీతాకోకచిలుకలను ఎగరవేయాలనుకుంటే

ఈ మధ్య మన ఆస్పత్రికి వచ్చే కుటుంబాల్లో ఇద్దరు ముగ్గురు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. "అమెరికాలో మా వియ్యంకుడుగారు పోతే జ్ఞాపకార్థ కూడికలో సీతాకోకచిలుకలను ఎగరవేశారండీ. ఫోనులో వీడియో పంపించారు. ఎంతో బాగుంది. అది ఎలా చేస్తారు? మనం కూడా చేయవచ్చా?" అని. మన సంఘంలో పిల్లలు విదేశాల్లో లేని ఇల్లు తక్కువ. అక్కడ ఒకరు కన్నుమూస్తే ఇక్కడివారు ఫోనులోనే ఏడవాలి, ఫోనులోనే ఏర్పాట్లు మాట్లాడుకోవాలి. అందుకే ఈ సంచికలో ఈ విషయం గురించి కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

మాకు ఇది వ్రాయవలసిన కారణం ఇంకొకటి కూడా ఉంది. మన ఆస్పత్రిలో చాలాకాలం స్టాఫ్ నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక అక్కయ్యగారు టెక్సాస్‌లో కూతురి దగ్గర ఉండగా చనిపోయారు. మార్చి చివర జరిగిన జ్ఞాపకార్థ కూడికకు కూతురు 2 డజన్ల సీతాకోకచిలుకలను తెప్పించింది. ఒక్కొక్కటీ ఒక్కొక్క కాగితపు కవరులో వచ్చింది. వచ్చినవారందరి చేతికీ తలా ఒక కవరు ఇచ్చారు. ప్రార్థన అయ్యాక అందరూ ఒక్కసారే విప్పాలి. ఆ ఉదయం మబ్బు పట్టి, చలిగాలి వీస్తోంది. కవర్లు విప్పారు. ఒకటి రెండు తప్ప ఏదీ ఎగరలేదు. అరచేతుల్లోనే రెక్కలు ముడుచుకొని కూర్చున్నాయి. ఆరేళ్ల మనుమరాలి కవరులో ఉన్నది చచ్చిపోయి ఉంది. ఆ పాపకు అంతకుముందు రోజు ఎవరో, "అమ్మమ్మ సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది, నువ్వు చూద్దువుగాని" అని చెప్పారట. పాప ఆ కవరులోకి చూసి, "అమ్మమ్మ మళ్లీ చచ్చిపోయిందా?" అని అడిగింది.

ఆ మాట మాతో చెప్పేటప్పుడు ఆ కూతురు ఫోనులో చాలాసేపు మాట్లాడలేకపోయింది. "మీరు వ్రాయండి అంకుల్, ఇంకొకరికి ఇలా కాకూడదు" అన్నది. ఆమె అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము.

ఈ ఆచారం ఎక్కడిది?

సీతాకోకచిలుకకూ చనిపోయినవారి ఆత్మకూ ముడిపెట్టి ఆలోచించడం చాలా పాతది. ప్రాచీన గ్రీకు భాషలో ఆత్మకూ సీతాకోకచిలుకకూ ఒకటే మాట, ‘సైకీ’. పాశ్చాత్య సంఘాల్లో పునరుత్థానానికి గుర్తుగా ఈస్టరు రోజుల్లో సీతాకోకచిలుక బొమ్మ వాడతారు. మెక్సికో దేశంలో మరొక నమ్మకం ఉంది. కెనడా, అమెరికాల నుండి మోనార్క్ అనే నారింజ రంగు సీతాకోకచిలుకలు వేల కిలోమీటర్లు ఎగిరి మిచోవాకాన్ ప్రాంతపు కొండ అడవులకు చేరుకుంటాయి. అవి అక్కడికి వచ్చేది సుమారుగా నవంబరు మొదటి రోజుల్లో. మన సమాధుల పండుగ రోజులే అక్కడ కూడా చనిపోయినవారిని తలచుకొనే రోజులు. అందుచేత వచ్చేవి పెద్దల ఆత్మలే అని అక్కడి ప్రజలు తరతరాలుగా అనుకుంటారు. అవి చలికాలం గడిపే ఆ అడవులు ఎక్కడున్నాయో బయటి శాస్త్రజ్ఞులకు తెలిసింది మాత్రం 1975లోనే.

మరణ సమయంలో ఉన్నవారి సంరక్షణ గురించి మేము నర్సింగ్ విద్యార్థులకు చెప్పేటప్పుడు డాక్టర్ ఎలిజబెత్ కూబ్లర్ రాస్ పేరు తప్పకుండా చెబుతాము. మరణం గురించి ఆమె వ్రాసిన ప్రసిద్ధ పుస్తకం 1969లో వచ్చింది. శరీరం గూడు వంటిది, మరణంలో సీతాకోకచిలుక బయటకు వస్తుంది అని ఆమె రోగులైన పిల్లలకు చెప్పేవారు. అమెరికాలో హాస్పిస్ అనే అంత్యకాల సంరక్షణ సంస్థలు చాలా వరకు సీతాకోకచిలుకను గుర్తుగా పెట్టుకున్నాయి. సంవత్సరానికి ఒకసారి, ఆ ఏడాది చనిపోయినవారి కుటుంబాలను పిలిచి, పేర్లు చదివి, సీతాకోకచిలుకలను విడిచిపెట్టే కూడికలు జరిపేవి కూడా వాటిలో చాలా ఉన్నాయి. వీడియోల్లో మనం చూసేది ఎక్కువగా అలాంటివే.

అక్కడ ఇది కుదరడానికి ఇంకొక కారణం, వారి పద్ధతి. మనకు చనిపోయిన రోజునో మరునాడో భూస్థాపన అయిపోతుంది. అక్కడ చాలామంది భూస్థాపన తర్వాత రెండు మూడు వారాలకు, ఒక్కొక్కసారి నెలలకు, అందరికీ వీలైన శనివారం చూసుకొని జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటారు. సీతాకోకచిలుకలను ముందుగా చెప్పి తెప్పించుకోవడానికి సమయం ఉంటుంది. గ్రుడ్డు నుండి రెక్కల పురుగు వరకు మోనార్క్‌కు దాదాపు నెల రోజులు పడుతుంది కాబట్టి, పెంచేవారికి కొన్ని వారాల ముందే చెప్పాలి. ఖర్చు కూడా తక్కువ కాదు. డజనుకు సుమారు వంద డాలర్లు, ఒక్కొక్కచోట ఇంకా ఎక్కువ.

కవరులో వచ్చేది పువ్వు కాదు, ప్రాణి

ఇది అర్థం చేసుకుంటే టెక్సాస్‌లో జరిగిన పొరపాటు ఎందుకు జరిగిందో తెలుస్తుంది. మనకు చలైనా ఎండైనా శరీరం లోపలి వేడి ఒకేలా ఉంటుంది. సీతాకోకచిలుకకు అలా ఉండదు. బయట ఎంత ఉంటే దానికీ అంతే. రెక్కలు ఆడించే కండరాలు బాగా వేడెక్కితేనే అది లేవగలదు. ఉదయం పూట పొలం గట్టున రెక్కలు చాపి కదలకుండా కూర్చున్న సీతాకోకచిలుకను మీరు చూసే ఉంటారు. అది విశ్రాంతి తీసుకోవడం లేదు, ఎండ కాచుకుంటోంది. పెంపకందారులు ఈ సంగతినే ఆధారం చేసుకొని, వాటిని చల్లబరచి, రెక్కలు ముడిచి కవరులో పెట్టి, ఐస్ ప్యాక్ ఉన్న పెట్టెలో రాత్రికి రాత్రి చేరే కొరియర్‌లో పంపుతారు. చల్లగా ఉన్నంతసేపు అది మత్తులో ఉన్నట్టు కదలకుండా ఉంటుంది. వేడి తగిలితే లేస్తుంది.

అందువల్ల గాలి 18 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే ఆ పని పెట్టుకోకూడదు. అక్కడి లెక్కలో అది 65 డిగ్రీల ఫారన్‌హీట్. వానలో, పెద్ద గాలిలో, చీకటి పడే వేళ కూడా పెట్టుకోకూడదు. సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు వదిలితేనే అది రాత్రికి చోటు చూసుకోగలదు. ఉత్తర రాష్ట్రాల్లో ఉన్న మన పిల్లలకు దీని అర్థం, అక్టోబరు తర్వాత మే వరకు ఆ ఆలోచన మానుకోవడమే. టెక్సాస్‌లో కూడా మార్చి నమ్మదగిన నెల కాదు. ఆ అక్కయ్యగారి కూడిక ఉదయం 10 గంటలకు పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి మబ్బు విడిచి ఎండ వచ్చింది. కుర్చీలు సర్దుతున్న ఇద్దరు ముగ్గురు చూస్తుండగా, చెట్ల దగ్గర వదిలిన వాటిలో కొన్ని వాటంతట అవే లేచిపోయాయట. అప్పటికి పాప నిద్రపోయింది.

పెట్టె వచ్చాక ఏమి చేయాలన్నది చాలామంది అడగరు. శనివారం కూడిక అయితే శుక్రవారం అందేలా చెప్పాలి. అంతకంటే ముందు తెప్పిస్తే కవరులో తిండి లేకుండా నీరసించిపోతాయి. అందగానే పెట్టెను ఇంట్లో చల్లగా, చీకటిగా ఉన్న మూల పెట్టాలి. కారులో వదలకూడదు. తలుపులు వేసిన కారు ఎండలో ఎంత వేడెక్కుతుందో మన పసిపిల్లల విషయంలో ఎన్నోసార్లు వ్రాశాము. సీతాకోకచిలుకకు అందులో పావుగంట కూడా ఎక్కువే. పంపినవారు చెబితే తప్ప ఫ్రిజ్‌లో పెట్టవద్దు. ఎన్ని బ్రతికి ఉన్నాయో ముందు రోజే ఒకరు నిదానంగా చూడాలి. వదలడానికి గంట ముందు వాటిని చల్లటి చోటు నుండి మామూలు గదిలోకి తేవాలి. వాన వచ్చి కూడిక వాయిదా పడితే, వాటిని ఒక దోమతెర గూటిలోకి వదిలి, పంచదార నీటిలో తడిపిన దూదో, కోసిన నారింజ ముక్కో పెట్టవచ్చు.

మా సలహా ఒకటి గట్టిగా చెబుతాము. చేతికొక కవరు పద్ధతి వద్దు. వీడియోలో అది అందంగా ఉంటుంది, నిజమే. కాని ఎవరి కవరు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. దుఃఖంలో ఉన్న భార్య చేతిలోనో, పసిపాప చేతిలోనో చచ్చిన పురుగు పడితే ఆ గాయం చాలాకాలం ఉంటుంది. దానికి బదులు అన్నిటినీ కలిపి ఒక వల గూటిలో పెట్టాలి. గంట ముందు ఇంటి మనిషి కాని ఒకరు, పొరుగువారో సంఘ పెద్దో, చూసి చచ్చినవి తీసివేయాలి. ప్రార్థన అయిన తర్వాత గూటి తలుపు తెరవాలి. ఎగిరేవి ఎగురుతాయి, ఎగరనివి పూల మీద కూర్చుంటాయి. ఎవరినీ కుదపడం, ఊదడం, పైకి విసరడం చేయనివ్వకండి. 12 చాలు. 100 తెప్పించినంత మాత్రాన దుఃఖం తీరేదీ లేదు, ప్రేమ పెరిగేదీ లేదు.

అనుమతి సంగతి కూడా చూసుకోవాలి. అమెరికాలో ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి బ్రతికిన సీతాకోకచిలుకలను పంపడానికి అక్కడి కేంద్ర వ్యవసాయ శాఖ అనుమతి ఉండాలి. సాధారణంగా ఆ అనుమతి పంపేవారే తీసుకుంటారు. "మా రాష్ట్రానికి మీకు అనుమతి ఉందా?" అని అడిగితే సరిగా చెప్పలేనివారి దగ్గర తీసుకోవద్దు. మోనార్క్‌లను రాకీ పర్వతాల శిఖర రేఖకు ఇవతలి నుండి అవతలికి పంపకూడదు. కాలిఫోర్నియాలో అయితే అడవి మోనార్క్‌లను పట్టుకొని పెంచడానికి రాష్ట్ర అనుమతి కావాలి. మన పిల్లలు ఎక్కువగా అక్కడే ఉన్నారు కాబట్టి చెబుతున్నాము.

వద్దనేవారు ఎందుకు వద్దంటున్నారు?

అక్కడ కూడా అందరూ దీన్ని ఒప్పుకోవడం లేదు. ఉత్తర అమెరికా సీతాకోకచిలుకల సంఘం చాలాకాలంగా దీనికి వ్యతిరేకం. 2015లో మోనార్క్‌ల మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రజ్ఞులు కొందరు కలిసి, పెంచి అమ్మడం, వదలడం తగదని ప్రకటన చేశారు. వారి మొదటి భయం జబ్బు. ఆస్పత్రివాళ్లం కాబట్టి ఇది మాకు వెంటనే అర్థమైంది. ఒకే గదిలో ఎక్కువమంది రోగులను ఇరికిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. మోనార్క్‌లకు కంటికి కనబడని ఒక పరాన్నజీవి పడుతుంది. దాని బీజాలు తల్లి పొట్ట మీది పొలుసుల నుండి గ్రుడ్ల మీదా ఆకుల మీదా పడతాయి, గొంగళిపురుగు ఆ ఆకు తిని జబ్బు తెచ్చుకుంటుంది. జబ్బు ముదిరినది గూటిలో నుండి వంకర రెక్కలతో వస్తుంది, లేదా రాలేక చనిపోతుంది. కిక్కిరిసిన పెంపకంలో ఇది త్వరగా పాకుతుంది, వదిలితే బయటి వాటికి అంటుతుంది.

రెండవది దారి తెలియకపోవడం. తరాల తరబడి పెంపకంలో ఉన్న మోనార్క్‌లకు దక్షిణ దిక్కు పట్టుకొని వెళ్లే శక్తి పోతోందని షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో చూపించారు. 2021లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారు మాత్రం, లోపల పెంచినవి కూడా బయట వదిలాక సరైన దిక్కుకే వెళ్లాయని చూపించారు. వాదన తేలలేదు. పెంచేవారు 1998 నుండి తమ సంఘం పెట్టుకొని, జబ్బు పరీక్షలు చేస్తున్నామని, శుభ్రత పాటిస్తున్నామని చెబుతున్నారు. వారిలో నిజాయితీగా చేసేవారూ ఉన్నారు. అయితే వలస వెళ్లే మోనార్క్‌లు బాగా తగ్గిపోయాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ 2022లో వాటిని అంతరించే ప్రమాదంలో ఉన్నవిగా ప్రకటించి, 2023లో ఒక మెట్టు తగ్గించింది. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం కూడా వాటికి చట్టరక్షణ ఇవ్వాలని ప్రతిపాదించింది. కాబట్టి తప్పదనుకుంటే మోనార్క్ కాకుండా పెయింటెడ్ లేడీ అనే చిన్న రకం అడగమని మేము చెబుతాము. అది మన దేశంతో సహా దాదాపు ప్రపంచమంతటా ఉన్నదే. దానికి బదులు బెలూన్లు ఎగరవేద్దామా అని ఒకరు అడిగారు. వద్దు. అవి పక్షుల గొంతుల్లో పడుతున్నాయని కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. ఫ్లోరిడాలో 2024 జూలై నుండి ఆ నిషేధం అమలులో ఉంది.

పిల్లలతో ఏమి చెప్పాలి?

చలి, మబ్బు సంగతి అలా ఉంచితే, ఆ పాప విషయంలో అసలు పొరపాటు కవరులో లేదు, ముందు రోజు చెప్పిన మాటలో ఉంది. ఐదారేళ్ల లోపు పిల్లలకు మరణం తిరిగి రానిదని పూర్తిగా తెలియదు. "నిద్రపోయింది", "ఊరెళ్లింది", "సీతాకోకచిలుక అయ్యింది" అని మనం మెత్తగా చెప్పేవి వారు ఉన్నది ఉన్నట్టే నమ్ముతారు. నిద్రపోయింది అని చెప్పినందుకు రాత్రిళ్లు నిద్రకు భయపడిన పిల్లలను మన పిల్లల విభాగంలో చూశాము. "అమ్మమ్మ చనిపోయింది. ఆమె శరీరం ఇక పనిచేయదు, నొప్పి కూడా ఉండదు. మనం ఆమెను తలచుకోవడానికి సీతాకోకచిలుకలను వదులుతున్నాము. అవి అమ్మమ్మ కాదు, పురుగులే. కొన్ని ఎగురుతాయి, కొన్ని ఎగరకపోవచ్చు" అని ముందే చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మధ్యలో లేచి ఆడుకోవడానికి పోతే కోప్పడవద్దు, పిల్లల దుఃఖం అలాగే వచ్చి పోతుంది. పిల్లవాడు వారాల తరబడి తినకపోయినా, బడికి పోనన్నా, "నా వల్లే పోయారు" అంటున్నా డాక్టరు దగ్గరకు తీసుకురండి.

ఆ పాపకు ఏమి చెప్పాలని కూతురు అడిగితే మేము ఇదే చెప్పాము. "అమ్మమ్మ ఒక్కసారే చనిపోయింది. కవరులోది అమ్మమ్మ కాదమ్మా, మేము తప్పుగా చెప్పాము" అని తల్లి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకొని చెప్పింది. పాప చాలాసేపు ఆలోచించి, "మరి దాన్ని కూడా పాతిపెడదామా?" అన్నదట. పెరట్లో పాతిపెట్టారు.

మన దగ్గర చేయవచ్చా?

వద్దనే మా మాట. విదేశాల నుండి బ్రతికిన పురుగులను పార్శిలులో తెప్పించడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఆదేశం ప్రకారం ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఇక్కడివి పట్టి తెద్దామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎన్నో రకాల సీతాకోకచిలుకలకు రక్షణ ఉంది. వాటిని పట్టడం నేరం. ఏది చట్టంలో ఉందో, ఏది లేదో మనలో ఎవరికి తెలుస్తుంది? పైగా సమాధి తోటలో మే నెల మధ్యాహ్నం ఏ ప్రాణి బ్రతుకుతుంది?

కాని సీతాకోకచిలుకలు మన దగ్గరకు కొరియర్‌లో రానవసరం లేదు. ఆకు పెడితే అవే వస్తాయి. నిమ్మ మొక్కో, కరివేపాకు మొక్కో పెడితే నలుపు పసుపు మచ్చల నిమ్మ సీతాకోకచిలుక వెతుక్కొని వచ్చి గ్రుడ్లు పెడుతుంది. మన ఇళ్లలో ఆ గొంగళిపురుగులను చూడగానే మందు కొడతారు. ఆ ఒక్క మొక్కకు కొట్టకుండా ఉంటే చాలు. మోనార్క్‌కు దగ్గరి చుట్టమైన నారింజ రంగు సీతాకోకచిలుక మన జిల్లేడు మీదే పెరుగుతుంది. సమాధి తోట గోడ వెంట జిల్లేళ్లు వాటంతట అవే మొలుస్తాయి, మనమే ఏటా సమాధుల పండుగకు ముందు నరికి శుభ్రం చేస్తాము. పోయినవారి పేరున ఒక మూల వదిలేయమని పాస్టరుగారిని అడగవచ్చు.

జిల్లేడు దగ్గర మాత్రం జాగ్రత్త. దాని పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతిని చూపు మసకబారుతుంది. మొదట నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు. పిల్లలను ఆకులు త్రుంచనివ్వకండి. పెద్దలు కూడా తాకితే సబ్బుతో చేతులు కడుక్కోండి. కంట్లో పడితే నలపకుండా, శుభ్రమైన నీటితో పావుగంట ఆగకుండా కడిగి, అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. తల్లిపాలు, ఆముదం, ఆకుపసరు ఏదీ వేయవద్దు.

అమెరికాలో మోనార్క్‌లు తినే మిల్క్‌వీడ్ అనే పాల మొక్క కూడా ఈ కుటుంబానిదే, దానికీ ఇదే జాగ్రత్త. అక్కయ్యగారి కూతురు ఈ ఏడాది పెరట్లో, ఆ పాప పాతిపెట్టిన చోటుకు పక్కనే, తమ ప్రాంతంలో సహజంగా పెరిగే రకం చూసి నాలుగు మొక్కలు వేసింది. పోయిన నెల ఫోను చేసినప్పుడు పాప మాట్లాడింది. ఏడు గొంగళిపురుగులు ఉన్నాయని, ఒకటి గూడు కట్టిందని, దాన్ని తాకకూడదని అమ్మ చెప్పిందని అన్నది.